మూడు మోతల కోకో

ఆ ఏడు ఈస్టర్ ముందు నలభై రోజుల తపస్సు కాలం మొదలయ్యేనాటికి జినకాంతాన్ అనే కొండ ఊరి వర్తకుడు రోమిన్ ఓకిల్ చేతిలో ఉన్నది ఇంత: వెనక గదిలో రెండున్నర మోతల కోకో గింజలు, ఉప్పు దిమ్మలు నలభై, మూరెడు పొడవున్న పచ్చ ఈకలు పదకొండు, చెట్టుబంక రాయైన అంబరు, బొటనవేలంత ముక్కలు మూడు. మోత అంటే ఒక మనిషి నొసటి పట్టీకి తగిలించుకుని వీపున మోసేంత బరువు, గింజల్లో చెప్పాలంటే ఇరవై నాలుగు వేలు. ఆ కొండల్లో సంతలో నాణెంలా చెల్లేది ఆ గింజే. ఇవి కాక సముద్రం వైపు దారిలో తొమ్మిది ఊళ్ళలో అతనికి మంచి పేరుంది. ఓకిల్ ఇంటి గింజ అంటే కొరికి చూడకుండా పుచ్చుకునేవాళ్ళు. ఆ పేరు తాత సంపాదించాడు, తండ్రి కాపాడాడు, రోమిన్ వాడుకుంటున్నాడు. అప్పు ఎవరికీ లేదు. తెగాల్సిన బేరం మాత్రం ఒకటి మిగిలి ఉంది. ఆ బేరం అతని చెల్లెలు.

చెల్లెలి పేరు కాతల్. తొమ్మిదేళ్ళ కిందట, సముద్రం దాటొచ్చి ఆ దేశాన్ని ఆక్రమించిన స్పెయిన్ వాళ్ళు పక్క లోయ మీద పడినప్పుడు మేనత్త ఇంట్లో ఉండి దొరికిపోయింది. అప్పుడామెకి పదిహేనేళ్ళు. ఎర్రగా కాల్చిన ఇనుముతో చెంప మీద బానిస అచ్చు వేసి మెల్చోర్ దె అర్గేతా అనే దొరకి ఇచ్చారు. అప్పటినుంచీ స్పెయిన్ వాళ్ళ ఊళ్ళో ఆ దొర వంటింట్లో మొక్కజొన్న నూరుతోంది. ఆ ఇంట్లో అచ్చుపడ్డ వాళ్ళు మొత్తం ఏడుగురు.

నాలుగేళ్ళు బతిమాలి, ఈకలు కానుక ఇచ్చి, దొర చేత రోమిన్ ఒక ధర చెప్పించాడు. మూడు మోతలు. ఈస్టర్ లోపు తెస్తే పిల్లని తీసుకుపోవచ్చు. మిగిలిన అర మోతకి ఉప్పూ అంబరూ అమ్మితే సరిపోతుంది. లెక్క అంతా సరిగ్గా ఉంది. అప్పుడు తోటి సన్యాసులు కొందరిని వెంటబెట్టుకుని జినకాంతాన్‌లోకి బెర్నాబె పాదిరి దిగాడు.

రోమిన్ ఆ పాదిరిని చూసిన మొదటి రోజే అసహ్యించుకున్నాడు. పొడుగాటి మనిషి, బక్కవాడు, తెల్లంగీ మీద నల్లముసుగు. జినకాంతాన్ భాష అంతకుముందే పక్క ఊళ్ళలో ఉండి ఏడాదిలో నేర్చేశాడు. మాటలన్నీ సరిగ్గానే పలుకుతాడు గానీ, ఒక్కటీ మెత్తగా పలకడు. మోతకూలీలకి ముందు కూలి ఇచ్చాకే బరువెత్తాలన్నాడు. ఎత్తే బరువు మూడో వంతు తగ్గించాలన్నాడు. రోమిన్ కూలీలు ఆరుగురూ ఆ మాట విని మర్నాడే కొత్త ధర అడిగారు. మొదటి నష్టం అది.

రెండో నష్టం ఇంకా పెద్దది. తపస్సు కాలం తొలి ఆదివారం స్పెయిన్ వాళ్ళ గుళ్ళో ఆ పాదిరి ఒక నియమం చదివాడు. అచ్చువేసిన మనుషుల్ని ఇంట్లో ఉంచుకున్నవాడు ఎవడైనా సరే, గురువు చెవిలో పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి వస్తే ముందు పత్రాల లేఖరిని వెంట తెచ్చుకోవాలి. ఆ మనుషులందరినీ విడిచిపెడుతున్నానని, ఇన్నేళ్ళ కూలి వాళ్ళకి ఇస్తానని సాక్షుల ముందు రాసి సంతకం పెట్టాలి. ఆ తర్వాతే మోకాలు వంచాలి. కాగితం లేకపోతే పాపవిమోచనం లేదు. ఈస్టర్‌కి పాపం కడుక్కోని స్పెయిన్ వాడికి సత్ప్రసాదం లేదు, అలాగే చస్తే నరకం. ఎవరిని పడితే వాళ్ళని కడిగేసి పంపే ముసలి గురువు ఒకడు ఉండేవాడు. పెద్ద గురువులు అతని అనుమతి తీసేస్తే, మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇక ఆ ఊళ్ళో స్వర్గానికి ఉన్న తలుపు ఒకటే, దానికి అడ్డంగా బెర్నాబె నిలబడ్డాడు.

స్పెయిన్ వాళ్ళ ఊరు భగ్గుమంది. పాదిరికి రొట్టె అమ్మినవాడికి సంతలో చోటు లేదని చాటించారు. రాళ్ళు పడ్డాయి, కిటికీలోంచి తుపాకీ కాల్చారు. పాదిరి ముఠా జినకాంతాన్‌లో గుడిసె వేసుకుంది కాబట్టి, జినకాంతాన్ వాళ్ళ ఉప్పు కూడా కొనొద్దన్నారు. దిమ్మ ధర ఎనభై గింజల నుంచి ముప్ఫైకి పడింది. నలభై దిమ్మల మీద ఎంత పోయిందో రోమిన్ నడుస్తూనే లెక్క వేశాడు. నోట్లోంచి వచ్చిన తిట్టు మాత్రం పైకే వచ్చింది.

అయినా ఈకలన్నీ తెగనమ్మి, అంబరు కూడా వదులుకుని, మూడో మోత నింపాడు. దొర దగ్గరికి వెళ్ళి గింజలు సిద్ధమని చెప్పాడు. దొర సరేనన్నాడు. మర్నాడు పొద్దున్నే సంచులు ఎత్తించబోతుంటే దొర మనిషి వచ్చి కబురు చెప్పాడు.

"మీ పాదిరి నిన్న సాయంత్రం మా గుమ్మం ముందు నిలబడి అరిచి వెళ్ళాడు. కాతల్‌ని అమ్మితే దొంగసొత్తు అమ్మిన పాపం కూడా కలుపుతాడట. దొర మండిపోతున్నాడు. ఇప్పుడు మూడు కాదు, ముప్ఫై తెచ్చినా ఇవ్వడట. నువ్వే పాదిరిని పురెక్కించావని అంటున్నాడు."

రోమిన్ నేరుగా పాదిరి గుడిసెకి వెళ్ళాడు. పాదిరి గుమ్మంలో కూర్చుని కాలిలో ముల్లు తీసుకుంటున్నాడు.

"సామీ, నా బేరం మీకెవరు చెప్పారు?"

"ఊరంతా చెప్పింది. కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. నాలుగేళ్ళు కూడబెట్టాను. పొద్దున్నే పిల్ల ఇంటికి రావాల్సింది. మీరు ఒక్క అరుపుతో చెడగొట్టారు."

"ఆ మనిషి నీ చెల్లెల్ని ఎత్తుకుపోయాడు. నీ చెల్లెల్ని నువ్వే వాడి దగ్గర కొంటే, వాడు దొంగ కాదు, వర్తకుడు అని నువ్వే సాక్ష్యం చెప్పినట్టు."

"సాక్ష్యం సంగతి తర్వాత చూసుకుంటాం. పిల్ల వస్తుంది గదా!"

"ఒక్కతే వస్తుంది. మిగతా ఆరుగురో?"

"వాళ్ళకి అన్నలు లేరా? మోతలు మోసుకు రమ్మనండి."

"లేరు. ఉన్నవాళ్ళని కూడా ఎక్కడికో అమ్మేశారు."

"అయితే నన్నేం చేయమంటారు సామీ? నేను ఒక్క చెల్లెలికి సరిపడా గింజలు తెచ్చాను. మీరేమో ఏడుగురికి బేరం పెడుతున్నారు, చేతిలో చిల్లిగవ్వ లేకుండా. ఇట్లాంటి వాణ్ణి సంతలోంచి తరిమేస్తారు."

"తరుముతూనే ఉన్నారుగా" అన్నాడు పాదిరి, ముల్లు బయటికి లాగి చూసుకుంటూ. "ఒక్క గింజ కూడా ఇవ్వకు రోమిన్. వాడికి ఈస్టర్ కావాలి. వాడే దిగివస్తాడు."

"దిగిరాకుండా చస్తే?"

పాదిరి ముల్లు పక్కకి విసిరి, అంగీ అంచుతో కాలి రక్తం తుడుచుకున్నాడు.

"మీకు చెల్లెళ్ళున్నారా సామీ?"

"ముగ్గురు."

"వాళ్ళ చెంపలు బాగున్నాయా?"

పాదిరి మొహం ఎర్రబడింది. రోమిన్‌కి ఆ వారంలో దక్కిన లాభం అదొక్కటే.

పాదిరి అన్నట్టు దొర దిగిరాలేదు. రోమిన్ అన్నట్టే చావుకి దగ్గరయ్యాడు. ఈస్టర్ ముందటి పవిత్ర వారంలో కడుపులో పుండు పగిలింది. బుధవారానికి నీళ్ళు కూడా నిలవడం లేదు. పాదిరి లేఖరిని తీసుకురమ్మన్నాడు, దొర పాదిరినే బయటికి గెంటమన్నాడు. గెంటారు. పాదిరి వెళ్ళిపోకుండా వీధి గుమ్మం పక్కన గుర్రమెక్కే రాతి మీద కూర్చున్నాడు. పై నుంచి కుడితి పోస్తే అంగీ పిండుకుని మళ్ళీ అక్కడే కూర్చున్నాడు. ఇంటి చుట్టూ చేరిన స్పెయిన్ వాళ్ళు అతన్ని ఎన్ని రకాలుగా తిట్టొచ్చో అన్ని రకాలుగా తిట్టారు.

గురువారం పొద్దున దొరసాని బ్రియాందా రోమిన్‌కి కబురంపింది. మూడు మోతలూ తీసుకుని వెంటనే రమ్మంది.

రోమిన్, కూలీలు అడిగిన కొత్త కూలి ముందే ఇచ్చి, సంచులెత్తించి వెళ్ళాడు. గుమ్మం దగ్గర పాదిరి లేచి నిలబడ్డాడు.

"రోమిన్, లోపలికి వెళ్ళకు."

"తప్పుకోండి సామీ. అంగీ కుడితి కంపు కొడుతోంది."

"నువ్వు కొంటే ఆమె మిగతా అందరినీ అమ్మేస్తుంది."

"అది ఆమె లెక్క" అని రోమిన్ లోపలికి నడిచాడు.

దొరసాని పెరటి వాకిట్లో నిలబడి ఉంది. పక్కనే బల్ల వేసుకుని లేఖరి కూర్చున్నాడు. అతను మాటకి ఇంతని రుసుము తీసుకునే మనిషి, ఎవరు పిలిచినా వస్తాడు.

"ముసలాయన భయపడిపోయేలా ఉన్నాడు" అంది దొరసాని గొంతు తగ్గించి. "ఆ పాదిరి కాగితం మీద సంతకం పెట్టాడంటే నాకు మిగిలేది గోడలే. అమ్మేసిన వాళ్ళని ఎవడూ విడిపించలేడు. నీ చెల్లెలి పత్రం ముందు అవనీ. తర్వాత మిగతా ఆరుగురి పత్రం మా తమ్ముడి పేరున. రేపు పొద్దున వాడు వాళ్ళని హోండూరాస్ బంగారు వాగులకి తోలుకుపోతాడు. ఆయన తరఫున సంతకం పెట్టే హక్కు నాకుంది."

"చిత్తం అమ్మగారూ" అన్నాడు రోమిన్. లేఖరి ముందు రెండు కాగితాలు ఉన్నాయి. రెండోదాని వైపు అతను చూడలేదు.

"కానీ గింజలు లెక్కపెట్టాకే సంతకం. మీ ఇంటిపేరుకి అర్థం నక్క అని విన్నాను."

"నక్క అయినా గింజలు మంచివే అమ్మగారూ. మా తాత కాలం నుంచీ ఎవరూ కొరికి చూడలేదు."

"నేను చూస్తాను."

లెక్కకి పనివాళ్ళలో ముగ్గుర్ని పిలిచింది. ఒకతె కాతల్. ఇంకొకతె మారుచ్ అనే ముసలామె. మూడోవాడు పలాస్, కుంటివాడు. మిగతా నలుగురు మిల్లు దగ్గర ఉన్నారు. చెల్లెల్ని రోమిన్ అంత దగ్గరగా చూసి రెండేళ్ళయింది. ఆమె తలెత్తలేదు.

ఆ ప్రాంతంలో కోకో లెక్కకి పద్ధతి ఉంది. రెండు చాపలు పరుస్తారు, ఒకటి కొనేవాడిది, ఒకటి అమ్మేవాడిది. అయిదు అయిదుగా నాలుగు సార్లు తోస్తే ఇరవై. ఇరవై గుట్టలయితే నాలుగొందలు. అవి ఇరవై అయితే ఎనిమిది వేలు, ఒక సంచి. మూడు సంచులు ఒక మోత. ఎదుటి చాప మీదికి చేరిన గింజ ఎదుటివాడిది. ఒక షరతు ఉంది. సంచిలో ఒక్క దొంగ గింజ దొరికినా ఆ సంచి మొదటినుంచి లెక్కపెట్టాలి. దొంగ గింజ అంటే పప్పు తీసేసి, పొట్టులో బంకమట్టి కూరి అంటించినది. కంటికి తెలియదు, పగలగొడితేనే తెలుస్తుంది.

లెక్క మొదలైంది. వాకిలి పక్కనే దొర పడుకున్న గది, కిటికీ తెరిచే ఉంది. ముగ్గురూ పైకి లెక్కపెడుతుంటే గింజలు చాప మీద గలగలమంటున్నాయి. లోపలి నుంచి దొర గొంతు నీరసంగా వినిపించింది.

"బ్రియాందా, ఏంటే ఆ చప్పుడు?"

"వాన" అంది దొరసాని.

"ఏప్రిల్లో వానేంటే?"

దొరసాని లెక్క త్వరగా కానివ్వమని చేత్తో సైగ చేసింది. మొదటి సంచి అయింది, రెండో సంచి అయింది. ఎండ నడినెత్తికి వచ్చింది. మూడో సంచి సగంలో కాతల్ చెయ్యి ఆగింది. ఒక గింజ తీసి రాతి మీద కొట్టింది. లోపల నుంచి ఎర్రమట్టి రాలింది.

"మట్టి గింజ" అని గట్టిగా చెప్పింది.

రోమిన్ సంచి మూతి దగ్గరికి వంగి చూశాడు. ఆ సంచి తనే నింపాడు. ప్రతి గింజా తన వేళ్ళ మధ్య నుంచి పోయిందే. "కుదరదు. అది నాది కాదు" అన్నాడు.

"నీ సంచిలోంచే వచ్చిందిరా" అంది దొరసాని. "మూడోది మొదటి నుంచి లెక్కపెట్టండి."

మళ్ళీ మొదలు పెట్టారు. మూడోది ముగిసి, నాలుగోది నడుస్తుండగా ఇంకొక మట్టి గింజ. మళ్ళీ మొదటికి వచ్చారు. ఈసారి రోమిన్ గింజల్ని వదిలేసి చెల్లెలి చేతినే చూశాడు. ఆమె ఎడమచెయ్యి నడుం గుడ్డ మడతలోకి వెళ్ళింది, బయటికి వచ్చింది, గుట్ట మీద తేలిగ్గా ఆనింది. సంతకెళ్ళి దొరసాని ఇంటికి కూరలు కొనేది కాతలే. తొమ్మిదేళ్ళలో సంతలో ఆమె చేతికి తగిలిన దొంగ గింజలన్నీ ఆ మడతలో ఉన్నట్టున్నాయి.

రోమిన్‌కి ఆమె చెంప పగలగొట్టాలనిపించింది. వంగి, తమ భాషలో, పళ్ళ మధ్య నుంచి అన్నాడు.

"ఏం చేస్తున్నావే? నిన్ను కొనడానికి తెచ్చిన గింజలే ఇవి."

"తెలుసు." తల వంచుకునే లెక్కపెడుతూ అంది. "అయిదు... పది... ముసలాడు వింటున్నాడు అన్నా. పదిహేను... బతికుండగానే తన ఇల్లు అమ్ముతున్న చప్పుడు వింటున్నాడు. ఇరవై. ఇంకాసేపు విననీ."

"సంతకం అయిపోతే నువ్వు నా వెంట వస్తావు. ఇవాళే."

"నేను వస్తాను. రేపు పొద్దున మారుచ్ వాగుకి పోతుంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో ఆర్నెల్లు కూడా బతకదు. నువ్వు నన్నొక్కదాన్ని కొనడానికొచ్చావు. ఒక్కదానికోసం నేను లెక్కపెట్టను."

"నా పేరు పోతుందే."

"నా చెంప పోలేదా?"

"ఏంటా గుసగుసలు?" దొరసాని దగ్గరికొచ్చింది. "ఒరేయ్ ఓకిల్! రెండు దొరికాయి. ఇవి నువ్వు కలిపావా, లేక నా ఇంట్లో ఎవరైనా కలిపారా? నా ఇంట్లో వాళ్ళయితే ఇక్కడే స్తంభానికి కట్టి తోలు ఊడదీయిస్తాను. చెప్పు."

పలాస్ లెక్క ఆపేశాడు. మారుచ్ కళ్ళు మూసుకుంది. కాతల్ చెయ్యి నడుం గుడ్డ మీదే ఉంది. దొరసాని ఒక్కసారి ఆ మడత విప్పమంటే చాలు.

రోమిన్ జీవితంలో చాలా బేరాలు చేశాడు. ఎప్పుడూ రెండు వైపులా ఉన్నదాన్ని తూచి చూసి గానీ నోరు తెరవలేదు. ఈసారి తూచడానికి వ్యవధి లేదు. తాత పేరు, తండ్రి పేరు, తొమ్మిది ఊళ్ళు ఒక వైపు. రెండో వైపు ఎండకి పగిలిన పెదవులతో కూర్చున్న ఆ పిల్ల, ఇప్పుడు ఆ పిల్లని చూస్తే కొట్టాలనిపిస్తోంది.

"నేనే కలిపాను అమ్మగారూ" అన్నాడు.

అక్కడున్న అందరూ విన్నారు. లేఖరి విన్నాడు, గుమ్మంలోంచి తొంగిచూస్తున్న స్పెయిన్ వాళ్ళు విన్నారు, గోడవతల నిలబడ్డ అతని కూలీలు ఆరుగురూ విన్నారు. ఎవరో పకపకా నవ్వారు.

"చూశారా! నక్క నక్కే!" అంది దొరసాని. "ఇప్పటిదాకా అయినవి కూడా మొదటి నుంచీ లెక్కపెట్టండి. ప్రతి ఇరవైలో ఒకటి పగలగొట్టండి."

లెక్క మళ్ళీ మొదలైంది. ఇప్పుడు గలగలకి రాయి చప్పుడు తోడైంది. ఇరవై గింజలు, టక్. ఇరవై గింజలు, టక్. కాతల్ లెక్క ఇంకా గట్టిగా, కిటికీ వైపు తిరిగి చెబుతోంది. అలా చాలాసేపు సాగింది. అయిదో సంచి ముగిసే వేళకి లోపల ఏదో కింద పడి పగిలింది.

"వాన కాదే అది!" దొర అరిచాడు. ఆ మనిషిలో అంత గొంతు ఇంకా మిగిలి ఉందని ఎవరూ అనుకోలేదు. "నన్నే లెక్కపెడుతున్నారు! నేనింకా పోలేదే బ్రియాందా! పీనుగు లేవకముందే పంచుకుంటున్నారు! నా ఆత్మ సంగతి ఎవడు చూస్తాడే? పిలవండి ఆ పాదిరిని! ఆ కుడితి పాదిరిని పిలవండి!"

"ఆయనకి జ్వరం తలకెక్కింది" అంది దొరసాని. "సంతకం, లేఖరీ, ముందు నా సంతకం తీసుకో."

"దొరగారు బతికి ఉండగా, నోరారా పిలుస్తుండగా, ఆయన తరఫున అంటే..." లేఖరి కలం తుడుచుకున్నాడు. "ఇంతమంది విన్నారమ్మా. నా చేతులు పోతాయి."

బెర్నాబె అప్పటికే వాకిట్లోకి వచ్చాడు. ఎవరో అతని ముసుగు పట్టి లాగారు, చినిగింది, అతను ఆగలేదు. లేఖరి రాసి పెట్టుకున్న కాగితాలు రెండూ పక్కకి నెట్టి, మూడో కాగితం తీసి లోపలికి నడిచాడు. పోతూ పోతూ మూడింటికీ రుసుము కావాలని దొరసానికి చెప్పాడు.

గదిలో ఏం మాట్లాడుకున్నారో వాకిట్లోకి కొంతే వినిపించింది. దొర ముగ్గుర్ని వదులుతానన్నాడు. పాదిరి ఏడుగురన్నాడు. దొర అయిదుగురన్నాడు. పాదిరి ఏడుగురన్నాడు. దొర దేవుడి పేరెత్తి ఒక బూతు తిట్టు తిట్టాడు. పాదిరి దాన్ని కూడా పాపసంకీర్తనంలో చేర్చుకోమని, ఏడుగురని మళ్ళీ చెప్పాడు. ఇంత మొండి బేరగాణ్ణి రోమిన్ ఎక్కడా చూడలేదు. ఒక్క గింజ కూడా తగ్గడు. ఎదుటివాడు చచ్చిపోతే సరుకంతా పోతుందని తెలిసి కూడా తగ్గడు. అది ధైర్యమా, బుద్ధిలేకపోవడమా అని రోమిన్ ఆలోచించాడు. ఎటూ తేల్చుకోలేకపోయాడు గానీ, అతని మీద ద్వేషం మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు.

చివరికి దొర సంతకం పెట్టాడు. ఏడు పేర్లు, తొమ్మిదేళ్ళ కూలి. సాక్షులుగా లేఖరి, దొర వైద్యుడు. పాదిరి అందరినీ బయటికి పంపి తలుపు వేసుకున్నాడు. శుక్రవారం మధ్యాహ్నానికి దొర చచ్చిపోయాడు, కడిగిన పాపాలతో.

గురువారం నాడే, తలుపు తెరుచుకోగానే, రోమిన్ తన సంచుల దగ్గరికి వెళ్ళాడు. దొరసాని తన చాప మీద నిలబడి ఉంది.

"ఇవి నావి అమ్మగారూ. అమ్మకం జరగలేదు."

"జరగలేదు. కానీ నువ్వు దొంగ గింజలు తెచ్చానని నీ నోటితోనే ఒప్పుకున్నావు. చాప మీదికి వచ్చినవి జరిమానా. కాదంటే ఊరి న్యాయాధికారి దగ్గరికి పద. అక్కడ ఇంకా నిజం చెబుదువుగాని, ఎవరు కలిపారో."

రోమిన్ చాప మీది అయిదు సంచులూ వదిలేశాడు. మిగిలిన నాలుగు సంచులు ఎత్తించుకుని బయటికొచ్చాడు. వెనకాల ఏడుగురు నడిచారు. మిల్లు నుంచి వచ్చిన నలుగురికి ఏం జరిగిందో ఇంకా తెలియలేదు. వీధిలో వాళ్ళ మీద ఎవరో గాడిద పేడ విసిరారు.

దొర రాసిన కూలి ఎవరికీ రాలేదు. ఆ వాక్యం పాదిరి భయపెట్టి రాయించాడని దొరసాని తమ్ముడు వాజ్యం వేసి కొట్టేయించాడు. విడుదల వాక్యం మీద కూడా వేశాడు. అందులో ఒక దారి వెతికాడు, వాకిట్లో ఏదైనా కుట్ర జరిగిందా అని. గింజలు కలిపింది ఇంట్లో మనిషి అని తేలితే, చావబోయే మనిషిని మోసగించి రాయించిన పత్రమని కొట్టేసేవాళ్ళు. ఓకిల్ కలిపాడని ఓకిలే ఒప్పుకున్నాడు కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. ఇది రోమిన్‌కి లేఖరి చెప్పాడు, దానికీ రుసుము తీసుకున్నాడు.

అంటే ఆ అబద్ధం ఒక్క రోజుతో పోయేది కాదు, బతికినంతకాలం మోయాలి.

మూడు వారాల్లో స్పెయిన్ వాళ్ళ ఊరు పాదిరి ముఠాని వెళ్ళగొట్టింది. రొట్టె లేదు, నీళ్ళు లేవు, గుడిసెకి నిప్పు పెట్టారు. పట్టపగలు బెర్నాబె చెప్పులు చేత్తో పట్టుకుని సముద్రం వైపు దారిలో నడిచిపోతుంటే ఉప్పు ఊటల దగ్గర రోమిన్ ఎదురయ్యాడు.

"సామీ, ఒక్క ఉపకారం చేయండి. దిగువ ఊళ్ళలో మీ మాట వింటారు. ఓకిల్ గింజలు మంచివని ఒక్క ఆదివారం ప్రసంగంలో చెప్పండి. ఎవరు ఏం చేశారో చెప్పొద్దు. మంచివని చెప్పండి, చాలు."

పాదిరి చేతిలోని చెప్పులు కింద పెట్టాడు.

"చెప్పలేను."

"మీకు తెలియదా?"

"తెలుసో తెలియదో కూడా చెప్పలేను."

రోమిన్‌కి అర్థమైంది. కాతల్ ఈ పాదిరి దగ్గరే పాపసంకీర్తనం చేసుకుంది. గింజలు కలపడం పాపమనుకుని చెప్పుకుంది. అక్కడ విన్నది గురువు ఎవరికీ చెప్పకూడదు.

"ఏడుగురి కోసం ఊరంతా గొంతు చించుకున్నారు" అన్నాడు. "నా ఒక్కడి కోసం నోరు రాదు."

"రాదు" అన్నాడు బెర్నాబె. "నన్ను తిట్టుకో."

"అది మీరు చెప్పాలా?"

పాదిరి నడిచిపోయాడు. తిరిగి ఆ కొండల్లోకి రాలేదు.

దిగువ ఊళ్ళలో ఇప్పుడు మట్టి గింజకి కొత్త పేరు వచ్చింది, ఓకిల్ గింజ అంటారు. రోమిన్ ఎక్కడ చాప పరిచినా ఇరవైకి ఒకటి పగలగొట్టి చూస్తారు. పగిలిన గింజ చెల్లదు. నూటికి అయిదు తరుగు, అతను బతికినంతకాలం.

కాతల్ అన్న ఇంట్లో ఉండలేదు. మారుచ్, పలాస్‌లతో కలిసి రెండు కొండల అవతల దారి పక్కన గుడిసె వేసుకుని, దారినపోయే వాళ్ళకి మొక్కజొన్న జావ అమ్ముతోంది. రోమిన్ కూలీలు అక్కడే ఆగుతారు కాబట్టి అతనూ ఆగాలి. మొదటిసారి ఆగినప్పుడు, చుట్టూ పదిమంది వర్తకులు చూస్తుండగా, ఆమె అతనిచ్చిన గింజల్లోంచి ఒకటి తీసి రాతి మీద పెట్టింది. కొట్టింది. లోపల మంచి పప్పు. ముక్కలు పక్కకి ఊడ్చి, "ఇంకొకటి ఇవ్వు అన్నా, ఒకటి తగ్గింది" అంది. అందరిలాగే కొట్టకపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఇప్పటికీ ఆగిన ప్రతిసారీ కొడుతుంది.

ఆ ఏటి లెక్క రోమిన్ ఇలా ముగించాడు. పోయింది: నలభై వేల గింజలు, పచ్చ ఈకలు పదకొండు, అంబరు మూడు ముక్కలు, ఉప్పు ధరలో సగానికి పైగా. పేరుని ఈ వరసలో రాయలేదు, దానికి ధర కట్టగలవాడు ఏ సంతలోనూ దొరకలేదు. పాదిరికి ఏ వరసలోనూ చోటివ్వలేదు. వచ్చింది: ఏడుగురు మనుషులు. గింజల మీద చూస్తే తలకి ఆరు వేలు కూడా పడలేదు. అందులో అతను కొనడానికి వెళ్ళింది ఒక్కదాన్నే.